ముందు చక్రాలు, తర్వాతే బాడీ: 1/8 సైజు బుగాటీ టైప్ 35ని ఇంట్లో కట్టుకోవడం

ముందే చెప్పేస్తున్నా, బాడీతో మొదలుపెట్టకండి. పాత రేసు కారు మోడల్ చేద్దామని కూర్చున్నవాడి చెయ్యి మొదట వెళ్లేది ఆ నున్నటి తోక మీదకీ, గుర్రపు నాడాలాంటి రేడియేటర్ మీదకీ. నాదీ అదే కథ. ఆరు నెలలు రేకు కొట్టి కొట్టి బాడీ తయారుచేశాను, ఆ తర్వాత చక్రాలు చేసి కింద పెట్టి చూస్తే కారు కాస్తా ఎడ్లబండిలా కనిపించింది. తేడా ఎంత అంటే చక్రం వ్యాసంలో ఆరు మిల్లీమీటర్లు, అంతే. ఆ బాడీ ఇప్పటికీ మా డాబా మీద ఉంది, మా ఆవిడ అందులో బట్టల క్లిప్పులు వేసుకుంటుంది.

కాబట్టి ఇది రెండో కారు అనుభవం. మాది పాలకొల్లు, భీమవరం మధ్య ఒక పల్లెటూరు. పెద్ద వర్క్‌షాప్ ఏమీ లేదు, వెనక వరండాలో ఒక బల్ల, ఒక బెంచీ వైస్, ఒక చేతి డ్రిల్లు, కంసాలివాళ్లు వాడే సన్న రంపం, రకరకాల ఆకురాళ్లు. లేత్ మిషన్ లేదు, దానికి ఊళ్లో దారి ఉంది, చెప్తాను.

టైప్ 35 అంటే ఫ్రాన్సులోని బుగాటీ కంపెనీ 1920లలో చేసిన రేసు కారు. అదే ఎందుకంటే లెక్క తేలిక. అసలు కారు చక్రాల మధ్య పొడవు 2400 మిల్లీమీటర్లు, అడ్డంగా చక్రం నుంచి చక్రానికి 1200. ఎనిమిదితో భాగిస్తే 300, 150. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. 1924లో లియాన్‌లో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో ఈ కారు మొదటిసారి రేసులోకి దిగింది. అప్పుడు వేసిన టైరు సైజు 710 × 90, అంటే 710 మిల్లీమీటర్ల ఎత్తు, 90 వెడల్పు. మన సైజులో 88.75, 11.25. ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద పెద్దగా రాసి బల్ల ముందు గోడకి అంటించండి. మిగతా కొలతలన్నీ వీటి నుంచే పుట్టాలి.

పుట్టించడం ఎలాగంటే, కారుని పక్క నుంచి, బాగా దూరంగా నిలబడి తీసిన ఫొటో ఒకటి సంపాదించండి. దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముందు భాగం ఉబ్బి, తోక కుంచించుకుపోయి ఉంటుంది, దాన్ని నమ్మితే మునిగిపోతారు. ప్రింటు తీయించి అందులో ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలవండి. 120 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. మనకి కావాల్సింది 300, అంటే ఆ ఫొటోలో ఏ కొలత తీసినా రెండున్నరతో గుణిస్తే చాలు. బానెట్ ఎత్తు, తోక పొడవు, స్టీరింగ్ ఎక్కడుంది, అన్నీ ఇలాగే. తర్వాత ఒక పరీక్ష చెయ్యండి: ఫొటోలో టైరు వ్యాసాన్ని నిలువుగా ఓసారి, అడ్డంగా ఓసారి కొలవండి. రెండూ ఒకటి కాకపోతే ఆ ఫొటో కాస్త ఏటవాలుగా తీసింది, పక్కన పడెయ్యండి. తయారైన కారు మొత్తం పొడవు 46 సెంటీమీటర్లకు అటూ ఇటూ వస్తుంది, టీవీ కింద పట్టదు, ముందే ఇంట్లో చెప్పి ఉంచండి.

ఇప్పుడు చక్రాలు

ఈ కారు చక్రం మామూలు తీగల చక్రం కాదు, అల్యూమినియంతో పోతపోసింది, ఎనిమిది వెడల్పాటి ఆకులు (స్పోకులు) ఉంటాయి, బ్రేక్ డ్రమ్ము కూడా దానిలోనే కలిసి ఉంటుంది. చక్రం విప్పితే డ్రమ్ము దానితోపాటే వచ్చేసి బ్రేక్ షూలు కనపడతాయి. రేసు మధ్యలో మెకానిక్‌కి అది ఎంత సుఖమో ఆలోచించండి. మనకి సుఖం ఏంటంటే తీగలు అల్లే పని లేదు. కష్టం ఏంటంటే అయిదు చక్రాలూ అచ్చు ఒకేలా ఉండాలి (నాలుగు కింద, ఒకటి పక్కన కట్టే స్టెపినీ), చేత్తో అయిదు ఒకేలా చెయ్యడం మానవమాత్రుల పని కాదు. ఒకటి చేసి, దానికి మూస తీసి, అయిదు పోతపోసుకోవడమే దారి.

ఆ ఒక్కటికీ లేత్ కావాలి. మన వైపు లేత్ షాపులకి ఏం కొదవ? రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల షాఫ్టులు, పంపుసెట్టు బుష్‌లు, పడవ ఇంజన్ల సామాను, ఇవన్నీ బాగుచేసే మేస్త్రి ప్రతి సెంటర్లోనూ ఉంటాడు. నేను ముందు వెళ్లిన చోట బొమ్మ కారు అనగానే నవ్వి పంపించేశారు. రెండో చోట పెద్దాయన కాగితం తిప్పి తిప్పి చూసి, "ఏవండీ, ఇది ఆడుకునేదాండి, చూసుకునేదాండి?" అన్నాడు. చూసుకునేదే అన్నాను. "అయితే అరమిల్లీ తేడా వచ్చినా తెలిసిపోద్దండి. సాయంత్రం రండి, కరెంటు నిలకడగా ఉంటాది, ఆయ్" అన్నాడు. ఆ మాటతోనే ఈయన దగ్గర పని అవుతుందని అర్థమైంది. ఒక సూచన: నోటితో వర్ణించకండి, గ్రాఫ్ కాగితం మీద అసలు సైజులో కోత బొమ్మ గీసి, ప్రతి మెట్టుకీ కొలత రాసి ఇవ్వండి. ఏరేటర్ల సీజన్లో వెళ్లి తొందరపెట్టకండి, రైతు చెరువు దగ్గర ఏరేటర్ ఆగి రొయ్య పైకి తేలుతుంటే ఆయన మీ చక్రం పట్టుకుని కూర్చోడు కదా.

లేత్ నుంచి వచ్చేది ఆకులు కొయ్యని గుండ్రటి అల్యూమినియం బిళ్ల. దాని ముఖం మీద ఎనిమిది భాగాలు గీసుకుని, ఆకుల మధ్య ఖాళీల్లో చిన్న బెజ్జం వేసి, సన్న రంపం దూర్చి కొయ్యాలి. రంపం బ్లేడుకి కొవ్వొత్తి మైనం రాస్తూ ఉండండి, అల్యూమినియం పళ్లల్లో ఇరుక్కుని బ్లేడ్లు పటపటా విరుగుతాయి. నాకు పదకొండు విరిగాయి. తర్వాత ఆకు అంచులు గుండ్రంగా ఆకురాయితో అరగదీయడం. ఇది రెండు వారాల పని, రోజుకో ఆకు కన్నా ఎక్కువ పెట్టుకోకండి. చెయ్యి అలిసిపోయాక చేసిన ఆకు మర్నాడు చూస్తే ఎప్పుడూ వంకరే.

మూసకి ఆర్‌టీవీ సిలికాన్ (వేడి చెయ్యకుండానే గట్టిపడే రబ్బరు), ఫైబర్ బొమ్మలు చేసేవాళ్లు వాడేదే. పోతకి ఎపాక్సీ రెజిన్ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడేది) తీసుకోండి. త్వరగా గట్టిపడుతుంది కదా అని పాలీయురిథేన్ రెజిన్ జోలికి వెళ్లకండి, అది గాలిలో తడి తగిలితే గ్యాస్ పుట్టించుకుని లోపల బుడగలు పెడుతుంది, మన ఆగస్టు గాలి సంగతి తెలిసిందే, నా మొదటి పోత అట్టు పోసినట్టు చిల్లులు చిల్లులుగా వచ్చింది. ఎపాక్సీ కూడా తడి వాతావరణంలో పైన జిడ్డు పొర కడుతుంది కానీ దాన్ని గోరువెచ్చని నీళ్లూ సబ్బూ పెట్టి కడిగేస్తే పోతుంది.

అల్యూమినియం రంగు రావడానికి పెయింట్ వెయ్యకండి. పెయింట్ షాపులో వెండి రంగు పొడి అమ్ముతారు, అసలు అది అల్యూమినియం పొడే. ముందు మూస లోపల పొడి బ్రష్‌తో దాన్ని పల్చగా అద్దండి, తర్వాత రెజిన్‌లో కూడా కలిపి చిక్కటి మజ్జిగలా చేసి పొయ్యండి. గట్టిపడ్డాక సన్న స్టీల్ ఉన్నితో రుద్దితే నిజంగా పోతపోసిన లోహంలా మెరుస్తుంది. చేతిలోకి తీసుకుంటే తప్ప ఎవరూ కనిపెట్టలేరు. పొడి కలిపేటప్పుడు ఫ్యాను ఆపండి, మాస్కు పెట్టుకోండి.

టైర్లకి మూడు మిల్లీమీటర్ల నల్ల రబ్బరు షీటు చాలు. గాస్కెట్లు కత్తిరించే షాపులో దొరుకుతుంది. ఒక్కో టైరుకి నాలుగు రింగులు కోసి రబ్బరు సొల్యూషన్‌తో ఒకదాని మీద ఒకటి అతికిస్తే 12 మిల్లీమీటర్లు వస్తుంది, మనకి కావాల్సింది 11.25. ఆ ముప్పావు మిల్లీ సానపట్టడానికే. రెండు ప్లైవుడ్ బిళ్లల మధ్య బోల్టుతో బిగించి, డ్రిల్లుని వైస్‌లో పెట్టి తిప్పుతూ ముతక ఎమెరీతో గుండ్రంగా తెచ్చుకోండి. ఆరుబయట చెయ్యండి, ఆ వాసనా ఆ నల్లటి దుమ్మూ ఇంట్లోకి వస్తే ఇక పని సాగదు. అన్నట్టు, ఆ 1924 రేసులో బుగాటీలను ముంచింది టైర్లే, పైన పట్టీలు ఊడిపోయి ఆగుతూ పోయాయి, రేసు ఆల్ఫా రోమియోలో కాంపారీ గెలిచాడు. కాబట్టి మీ టైరు రెండుసార్లు చెడినా బాధపడకండి.

నాలుగు చక్రాలూ తయారయ్యాక 300, 150 కొలతల్లో ఒక చెక్క మీద నిలబెట్టి వారం రోజులు ఊరికే చూస్తూ ఉండండి. నేను అన్నం తినేటప్పుడు కూడా ఎదురుగా పెట్టుకునేవాణ్ణి. కారు ఎంత చిన్నదో, ఎంత నేల మీద ఉంటుందో అప్పుడే కంటికి పడుతుంది.

చట్రం గురించి ఎక్కువ చెప్పను. రెండు పక్క పట్టీలు, మిల్లీమీటరు మందం ఇత్తడి రేకుతో. గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే ఆ పట్టీ ఒకే వెడల్పు ఉండదు, మధ్యలో లోతుగా ఉండి ముందుకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది, వెనక తోక ఆకారాన్ని అనుసరించి దగ్గరకి వస్తుంది. రెండు పట్టీలనీ ఒకదాని మీద ఒకటి టంకం చుక్కతో అతికించి ఒకేసారి కోసి, తర్వాత వేడిచేసి విడదీస్తే రెండూ కవలల్లా వస్తాయి. ఇత్తడి రేకు తణుకు దగ్గర అజ్జరం వైపు వెళ్తే దొరుకుతుంది, బిందెలూ గంగాళాలూ చేసే ఊరు కదా, ముక్కలు తూకానికి ఇస్తారు. టంకం ఎలా పారుతుందో అక్కడ అరగంట నిలబడి చూస్తే పుస్తకాలు చదవక్కర్లేదు. బలం పడే అతుకులకి మాత్రం మామూలు టంకం చాలదు, వెలిగారం పెట్టి వెండి టంకం వెయ్యాలి. అది కంసాలి బాబాయ్‌ని అడిగి చేయించుకోండి.

ముందు ఇరుసు ఈ కారుకి ఒక ఆభరణం. లోపల బోలుగా ఉంటుంది, స్ప్రింగు పట్టీలు ఇరుసులో వేసిన చతురస్రపు బెజ్జాల గుండా దూరి వెళ్తాయి. మనం బోలుగా చెయ్యక్కర్లేదు, ఆరు మిల్లీల ఇత్తడి కడ్డీని చివరలకి సన్నగా సానపట్టి, బెజ్జం గుండ్రంగా వేసి, చదరపు సూది ఆకురాయితో నలుచదరం చెయ్యండి, ఆపైన నికెల్ పూత వేయించండి. ఇనుముతో చెయ్యకండి, రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి కన్నీరు కారుస్తుంది. స్ప్రింగులకి పాడైపోయిన స్టీలు కొలత టేపుని ముక్కలు చేసుకోండి, పసుపు రంగు గీకేస్తే చక్కటి నీలిరంగు స్టీలు. వెనక స్ప్రింగులు మామూలు పట్టీ స్ప్రింగులో సగమే ఉంటాయి, పైగా తిరగేసి, వెనక నుంచి ముందుకు చూస్తూ. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు.

బాడీ, దాని కింద దిమ్మ

రేకు కొట్టాలంటే లోపల చెక్క దిమ్మ కావాలి. నేను మొదటిసారి జూలైలో అప్పుడే కోసిన మామిడి చెక్కతో చేశాను, పచ్చిది, మెత్తగా ఉలికి వెన్నలా దిగింది. వానలు పెరిగేసరికి ఉబ్బింది, సంక్రాంతి నాటికి ఎండి ఒకవైపు చీలింది. దిమ్మే కదిలితే దాని మీద కొట్టిన రేకు ఏం కుదురుతుంది? మన నేల మీద కాలువలూ చెరువులూ మధ్య బతుకుతూ పచ్చి చెక్కని నమ్మకూడదు. రెండోసారి రాజమండ్రిలో టింబర్ డిపో దగ్గర పాత ఇల్లు విప్పిన టేకు దూలం ముక్క తెచ్చాను. ఏళ్ల తరబడి ఎండిన చెక్క, ఇక కదలదు. బాడిసతో ముతకగా చెక్కి, చిత్రికతో సరిచేసి, అట్టముక్కతో కోసిన మూసల్ని ప్రతి రెండు సెంటీమీటర్లకీ ఆనించి చూస్తూ రావాలి. రేకు మందం అర మిల్లీ కాబట్టి దిమ్మ చుట్టూ అర మిల్లీ తక్కువే ఉండాలి, మర్చిపోవద్దు.

రేకు అర మిల్లీ మెత్తని అల్యూమినియం. తెచ్చిన రేకు గట్టిగా ఉంటే ముందు మెత్తబరచాలి. బట్టల సబ్బు బిళ్లతో రేకు అంతా గీతలు గీసి, వెనక నుంచి గ్యాస్ మంటతో కాల్చండి. సబ్బు గీత ముదురు గోధుమ రంగు దాటి నల్లబడగానే ఆపెయ్యాలి. అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీలు దాటితే ఉన్నట్టుండి జారిపోతుంది. సబ్బే మన థర్మామీటర్. చల్లారాక గోదారి ఇసుక జల్లించి, ఎండబెట్టి, పాత జీన్సు కాలులో పోసి రెండు వైపులా కుట్టేస్తే బ్రహ్మాండమైన ఇసుక సంచి అవుతుంది. దాని మీద రేకు పెట్టి కొయ్య సుత్తితో గుంటలు దింపి, తర్వాత దిమ్మ మీద నున్నగా కొట్టాలి. కొట్టేకొద్దీ రేకు గట్టిపడుతుంది, సుత్తి చప్పుడు మారి ఖంగుమంటే మళ్లీ సబ్బు రాసి కాల్చండి. బద్ధకించి ఇంకో నాలుగు దెబ్బలు వేద్దాం అనుకుంటే అంచు చిరుగుతుంది, నాకు రెండుసార్లు చిరిగింది, రెండుసార్లూ అదే బద్ధకం.

తోకని ఒకే ముక్కలో తియ్యాలని పంతం వద్దు, కుడి ఎడమలుగా రెండు ముక్కలు చేసి మధ్యలో కలపండి. ఇంకో సంగతి, అర మిల్లీ రేకు అసలు కారులో నాలుగు మిల్లీల లెక్క. అంత మందం రేకు ఏ రేసు కారుకీ ఉండదు. అందుకే కంటికి కనిపించే ప్రతి అంచునీ, కాక్‌పిట్ (డ్రైవరు కూర్చునే చోటు) చుట్టూ, బానెట్ చివర, లోపలి వైపు నుంచి ఆకురాయితో పల్చగా చెయ్యాలి. బొమ్మలా కనిపించడానికీ కారులా కనిపించడానికీ తేడా చాలావరకు ఈ అంచుల్లోనే ఉంది.

బానెట్ పక్కల గాలి చీలికలకి ఒక చిన్న అచ్చు చేసుకోండి. విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కని గ్రైండర్ మీద ఒక అంచు పదునుగా, ఒక అంచు గుండ్రంగా చేస్తే అదే పంచ్. కింద గట్టి చెక్క ముక్కలో దానికి సరిపడా గాడి. వైస్ మధ్య పెట్టి నొక్కితే ఒకవైపు తెగి ఒకవైపు ఉబ్బుతుంది. గీతలు గీసుకుని వరసగా నొక్కండి, పాడైతే ఒక్క చీలిక కాదు బానెట్ మొత్తం పోతుంది కాబట్టి ముందు పనికిరాని రేకు మీద యాభై నొక్కి చెయ్యి కుదుర్చుకోండి.

రేడియేటర్ విషయంలో మన దగ్గర ఒక వరం ఉంది, జర్మన్ సిల్వర్. పూజ సామాన్ల షాపులో పళ్లేలుగా దొరుకుతుంది. అసలు జర్మన్ సిల్వర్ అంటే రాగి, నికెల్, జింకు కలిసిన లోహం, మెరుగు పెడితే అసలు కారు మీద నికెల్ పూతలాగే, కాస్త పసుపు ఛాయతో ఉంటుంది, క్రోమియంలా నీలంగా మెరవదు. పూత వేయించే బాధ లేదు. కొనేముందు పళ్లెం వెనక ఒక మూల ఆకురాయితో గీసి చూడండి (అడిగి చూడండి, లేకపోతే షాపాయన ఊరుకోడు), లోపల పసుపు పచ్చగా కనపడితే అది పూత వేసిన ఇత్తడి, వద్దు. లోపలి తేనెపట్టు లాంటి జాలీకి టీ వడకట్టే ఇత్తడి జాలీ రెండు పొరలు కొంచెం పక్కకి జరిపి పెడితే సరిపోతుంది.

ఇంజన్ చెయ్యాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఎనిమిది సిలిండర్లు, నాలుగేసి చొప్పున రెండు దిమ్మలు, 60 మిల్లీల బోరు (సిలిండర్ వ్యాసం), 88 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 1991 సీసీ. బయటికి మాత్రం పలకలు పలకలుగా నున్నటి పెట్టెలా ఉంటుంది, పాత ఇంజన్లలో మోడల్ చెయ్యడానికి ఇంత తేలికైనది ఇంకోటి నేను చూడలేదు. చెక్కతో చేసి, అల్యూమినియం టేపు అతికించినా నడుస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఉండే గుండ్రటి మెరుపు చుక్కల వరసలు మాత్రం తప్పక చెయ్యండి: పెన్సిల్ వెనక రబ్బరుని డ్రిల్లుకి బిగించి, బైక్ మెకానిక్ దగ్గర దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు అద్ది, రేకు మీద రెండు సెకన్లు ఆనించి, సగం చుక్క జరిపి మళ్లీ ఆనించడం. అరగంటలో అయిపోతుంది, చూసినవాళ్లు మాత్రం దాన్నే ముందు మెచ్చుకుంటారు, ఆకులు కోసిన రెండు వారాలని ఎవరూ అడగరు.

చిల్లర సామాన్లు: బానెట్ కీలుకి మెడికల్ షాపులో కొత్త ఇంజక్షన్ సూదులు, మొన కోసేసి గొట్టంగా వాడుకోవాలి. బోల్టుల తలల్ని కలుపుతూ కట్టే సన్న తీగకి కరెంటు వైరులోని ఒక్క పోగు. బానెట్ మీద బెల్టుకి పాత వాచీ పట్టీ తోలుని బ్లేడుతో లోపల నుంచి పల్చగా గీకి. స్టీరింగ్ చక్రం అంచేమో, టేకు చీలికలు నానబెట్టి సీసా చుట్టూ వంచి అతికించింది.

రంగు దగ్గర మళ్లీ గాలితో పోరాటం. అప్పటి ఫ్రెంచ్ రేసు కార్లది నీలం, అది కాస్త లేతగా కలిపించండి, చిన్న వస్తువు మీద అదే రంగు ముదురుగా కనిపిస్తుంది. అల్యూమినియం మీద నేరుగా రంగు నిలవదు, ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే అడుగు పూత) తప్పనిసరి. స్ప్రే మాత్రం డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపే, అదీ మంచు పూర్తిగా విడిచాక, పదకొండు నుంచి మూడు మధ్య. తడి గాలిలో కొడితే నైట్రోసెల్యులోజ్ రంగు (థిన్నరుతో పల్చన చేసి కొట్టేది) ఆరేటప్పుడు తెల్లగా మసకబారిపోతుంది, థిన్నరు ఆవిరై చల్లబడ్డ పొర మీద గాలిలో తేమ కూర్చోవడమే కారణం. వరికోతల దుమ్ము లేచే రోజు కూడా వద్దు. నేను మా కొబ్బరితోట పాక చుట్టూ చీరలు కట్టి, నేల మీద నీళ్లు చల్లి, అరగంట ఆగి కొట్టాను, అయినా ఒక దోమ వచ్చి సరిగ్గా బానెట్ మీద కూర్చుంది. ఆరేదాకా ముట్టుకోకూడదు. ఆరాక రెండువేల నంబరు కాగితంతో తడిపి రుద్దితే పోయింది, ఒక కాలు తప్ప.

అద్దాల పెట్టెలో పెట్టేటప్పుడు టైర్ల మీద బరువు వదలకండి, ఇరుసుల కింద రెండు చిన్న టేకు దిమ్మలు పెట్టి టైరు నేలకి వెంట్రుకవాసి పైన ఉండేలా చూడండి, లేకపోతే ఎండాకాలం అయ్యేసరికి రబ్బరు కింద చదునైపోతుంది. పెట్టెలో మూలకి సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి, ఆషాఢంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి మార్చండి.